దివ్యాంగ పిల్లల ఆటలకు చందాలు: అనుమతి ముందు, రశీదు తర్వాత

సందేహం: మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. బస్తీలోని తెలుగు యువకులం కలిసి దివ్యాంగ పిల్లలు, మిగతా పిల్లలు ఒకే జట్టులో ఆడేలా ఫుట్‌బాల్, బోచా (తెల్ల బంతికి దగ్గరగా రంగు బంతులు విసిరే ఆట) పోటీలు పెట్టాలనుకున్నాం. మా సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు. దుకాణాల్లో రశీదులు రాసి కొంత, నా ఫోన్‌పే నంబరుకు కొంత, మొత్తం 38,000 రూపాయలు వచ్చాయి. మోటార్ సైకిల్ బహుమతి పెట్టి 100 రూపాయల లక్కీ డ్రా కూపన్లు అమ్మాలని కొందరంటున్నారు. అమెరికాలోని బంధువులు కూడా డబ్బు పంపుతామన్నారు. ధర్మాదాయ్ ఆఫీసు (ఛారిటీ కమిషనర్ కార్యాలయం) అనుమతి లేకపోతే కేసవుతుందని ఒకాయన బెదిరించారు. నిజమేనా?

జవాబు: ఆయన చెప్పినది నిజమే. మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్టుల చట్టం (1950) సెక్షన్ 41సి ప్రకారం, రిజిస్టర్ కాని సంఘం ధార్మిక పనికో దానధర్మానికో జనం దగ్గర డబ్బు వసూలు చేయాలంటే ఛారిటీ కమిషనర్ కార్యాలయం అనుమతి ఉండాలి. ఏటా గణపతి మండళ్లు తీసుకునేది ఈ అనుమతే. పని ఎంత మంచిదైనా మినహాయింపు లేదు. అనుమతి లేని వసూలుకు జైలు, జరిమానా రెండూ ఉన్నాయి.

కాబట్టి ఈ రోజే వసూలు ఆపండి. వచ్చిన 38,000లో జెర్సీలకని కూడా ఒక్క రూపాయి తీయొద్దు. రశీదు పుస్తకం కౌంటర్ ఫాయిళ్లు, ఫోన్‌పే స్టేట్‌మెంటు పక్కపక్కన పెట్టుకుని ఎవరు, ఏ తేదీన, ఎంత ఇచ్చారో పట్టిక రాయండి. మీ సొంత ఖాతాలో పడిన సొమ్మే అసలు ప్రమాదం. రేపు సంఘంలో మాటామాటా పెరిగితే, మీరు పైసా వాడుకోకపోయినా నమ్మకద్రోహం (భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316) కింద ఫిర్యాదు వచ్చేది ఆ ఖాతా ఎవరి పేరున ఉందో వారి మీదే. రిజిస్ట్రేషన్ లేని సంఘానికి కూడా పాన్ కార్డు వస్తుంది. కమిటీ తీర్మానం, ఆ పాన్, సంతకాలు పెట్టేవారి గుర్తింపు కార్డులు చూపి ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా తెరిచి, సొమ్మంతా అందులోకి మార్చండి.

ఆ తర్వాత మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది, మీరే 41సి కింద దరఖాస్తు పెట్టుకోవడం: కమిటీ తీర్మానం, సభ్యుల గుర్తింపు పత్రాలు, చిరునామా రుజువు, వసూలు ఉద్దేశం, ఇప్పటిదాకా వచ్చిన సొమ్ము లెక్క. ఆ 38,000 దాచి దరఖాస్తు పెడితే పాత తప్పుకు కొత్త తప్పు తోడవుతుంది. అనుమతి ఉత్తర్వులోని గడువు దాటాక వసూలు చేయకూడదు, లెక్కలు అప్పజెప్పాలి. ఈ అనుమతి మహారాష్ట్ర వరకే. అదే పుస్తకం పట్టుకుని మంచిర్యాల వెళ్లి చందాలు రాయకండి.

రెండోది నాకు మేలనిపించే దారి. జిల్లాలో దివ్యాంగ పిల్లల కోసం పనిచేసే రిజిస్టర్డ్ ట్రస్టును కలవండి. వాళ్ల రశీదు మీద, వాళ్ల ఖాతాలోకే వసూలయ్యేటట్టు లిఖిత ఒప్పందం చేసుకుంటే మీకు విడిగా 41సి అక్కర్లేదు. డబ్బు దేనికి ఖర్చవుతుందో ఒప్పందంలో వివరంగా రాయించండి. ‘క్రీడా సామగ్రి’ అని వదిలేస్తే ఆఫీసు కుర్చీలు కూడా అందులోకే వస్తాయి. ఎన్ని బోచా సెట్లో (ఒక సెట్లో 6 ఎర్ర బంతులు, 6 నీలి బంతులు, 1 తెల్లది), ఎన్ని ఆట చక్రాల కుర్చీలో, మిగిలిన సొమ్ము ఏమవుతుందో అన్నీ ఉండాలి. ట్రస్టుకు 80జి గుర్తింపు ఉంటే పాత పన్ను విధానంలో ఉన్న దాతకు మినహాయింపు వస్తుంది. 2,000 రూపాయలు దాటిన నగదుకు, వస్తువుగా ఇచ్చిన దానికి రాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో 80జి సహా సెక్షన్ నంబర్లు మారాయి. రశీదులు అచ్చు వేయించే ముందు ఆడిటర్‌కు చూపించండి.

లక్కీ డ్రా మాత్రం వద్దే వద్దు. డబ్బు తీసుకుని అదృష్టం మీద బహుమతి ఇస్తే అది లాటరీ. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నడిపితే న్యాయ సంహిత సెక్షన్ 297 కింద ఆరు నెలల దాకా జైలు. గణపతి లడ్డూ వేలంలా ఒక బంతినో జెర్సీనో బహిరంగంగా వేలం వేయండి. అందులో చీటీ తీసేది లేదు కాబట్టి లాటరీ కాదు.

అమెరికా బంధువుల విషయంలో పాస్‌పోర్టు చూడాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారైతే, చేతిలో ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ మాత్రమే, అదీ స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే తీసుకోవాలి. బంధువుకు కానుకన్నట్టు మీ ఖాతాలో వేయించుకుని సంఘానికి మళ్లించడం చాలామంది చేసే తప్పు. అది చట్టాన్ని దాటవేయడమే అవుతుంది.

ఇక పిల్లల సంగతి. ఐదుగురి ఫుట్‌బాల్ జట్టులో మేధో వైకల్యం ఉన్నవారు ముగ్గురు, లేనివారు ఇద్దరు ఆడటం స్పెషల్ ఒలింపిక్స్ పద్ధతి. ప్రతి బిడ్డకూ తల్లిదండ్రుల లిఖిత అంగీకారం, వైద్యుడి పత్రం తీసుకోండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరికి మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది. ఫుట్‌బాల్‌లో గట్టిగా ఢీకొంటే వెన్నుపాముకు ముప్పు, కనుక ఆ సంగతి వైద్యుడిని ప్రత్యేకంగా అడగాలి. ఆటగాళ్లందరికీ బృంద ప్రమాద బీమా చేయించండి. ఫొటోలకు వేరే అంగీకారం కావాలి. ఏ ఫొటో, ఎక్కడ, ఎన్నాళ్లు వాడతారో మరాఠీలోనో తెలుగులోనో రాసి, చదవలేనివారికి సాక్షి ముందు చదివి వినిపించండి. ఫొటో వద్దన్న ఇంటి బిడ్డను ఆట నుంచి తప్పించకూడదు. జాలి పుట్టించే పోస్టర్ వేయకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 3 ఆ పిల్లలకు గౌరవాన్ని హక్కుగా ఇచ్చింది.

ఆటగాడికి 18 ఏళ్లు నిండితే తల్లి సంతకం తనంతట తానుగా చెల్లదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ సంరక్షకుల్ని నియమిస్తుంది. ఆ ఉత్తర్వు ఉన్న ఇంటి నుంచి దాని నకలు తీసుకుని అంగీకార పత్రానికి జతచేయండి.