అబ్బాయి 38 లక్షల ఉద్యోగం వదిలేస్తానంటున్నాడు

ప్రశ్న: నేను రిటైర్డ్ హైస్కూల్ టీచర్‌ని. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి 31 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక అమెరికన్ కంపెనీలో ఏడాదికి 38 లక్షల ప్యాకేజీ. రోజూ అర్ధరాత్రి దాకా కాల్స్. బీపీకి మాత్ర వేసుకుంటున్నాడు. ఇప్పుడు ఉద్యోగం మానేసి, మాకున్న మూడెకరాల్లో ప్రకృతి వ్యవసాయం చేస్తానంటున్నాడు. లేదా పగటిపూట పని ఉండే ఒక మన దేశపు కంపెనీలో 20 లక్షలకు చేరతాడట. రెండేళ్ల కిందట తెల్లాపూర్‌లో ఫ్లాట్ కొన్నాం, ఈఎంఐ 74 వేలు. సంబంధాలు చూస్తున్నాం. ఈ రెండింటిలో ఏది మేలు? అసలు మానకుండా ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: మాస్టారూ, మీరు అడగాలనుకున్నది ఆ చివరి ప్రశ్న ఒక్కటే. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఊరు మారుతుంది, ప్యాకేజీ మారుతుంది, ‘సంబంధాలు చూస్తున్నాం’ అన్న మాట మాత్రం మారదు. పైన ఇచ్చింది సారాంశమే. మీరు రాసిన రెండు పేజీల్లో పెళ్లి గురించి, బంధువులు ఏమంటారన్న దాని గురించి ఒక పేజీ ఉంది. బీపీ మాత్రకు ఒక్క వాక్యం. మీకు బీపీ ఏ వయసులో మొదలైంది? 31కే అయితే కాదు కదా! వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్కగట్టాయి. 35-40 గంటలు చేసేవారితో పోల్చి చెప్పిన మాట అది. మీవాడి వారం ఎన్ని గంటలో ఎప్పుడైనా అడిగారా?

అలాగని వ్యవసాయానికి నేను తలూపను. ‘లక్షల జీతం వదిలి లాభాల సాగు’ అనే వీడియోలు మీవాడూ చూసే ఉంటాడు. అలా వెళ్లి, ఏడాదిన్నరకు రెజ్యూమె పట్టుకుని నా దగ్గరికి వచ్చినవారున్నారు. వాళ్ల మీద ఎవరూ వీడియో తీయలేదు. లెక్క నాకన్నా మీకే బాగా తెలుసు. ఎకరాకు 30 బస్తాల వడ్లు అనుకుందాం, 75 కిలోల బస్తా. 2025-26లో సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. ఎకరాకు 53 వేలు, మూడెకరాలకు లక్షా 60 వేలు. దుక్కి, నాట్లు, కోత మిషన్ ఖర్చులు ఇంకా తీయలేదు. అంటే ఆ పంట మొత్తం కలిపి ఈఎంఐకి రెండు నెలలు వస్తుంది. తర్వాత మినుమో మొక్కజొన్నో వేసినా కథ పెద్దగా మారదు. ప్రకృతి సాగు బియ్యానికి ఎక్కువ ధర పలుకుతుంది, నిజమే. కానీ కొనేవాళ్లను వెతుక్కుని, ప్యాక్ చేసి పంపి, డబ్బు వసూలు చేసుకుంటేనే ఆ ధర చేతికొస్తుంది. అది మళ్లీ సేల్స్ ఉద్యోగమే, ఫోన్లు దానికీ ఆగవు. నాకనిపించేది, మీవాడు నిద్ర కావాలని చెప్పుకోలేక పొలం కావాలంటున్నాడు.

కాబట్టి 20 లక్షల ఉద్యోగం వైపే నా ఓటు. జీతం దాదాపు సగమైనా చేతికొచ్చేది సగానికి పడిపోదు. కొత్త పన్ను విధానంలో 24 లక్షలు దాటిన ఆదాయం మీద 30 శాతం పన్ను. తగ్గే 18 లక్షల్లో 5 లక్షలకు పైగా ఎలాగూ పన్నుకే పోయేవి. పీఎఫ్ పోను నెలకు లక్షా 30 వేలకు అటూఇటూగా మిగులుతుంది. ఈఎంఐ కట్టాక 55 వేలు. ఒంటరి మనిషికి అది తక్కువా, మాస్టారూ?

రాజీనామాకు ముందు రెండు సంగతులు చూసుకోమనండి. ఈ కంపెనీలో అతను చేరి నాలుగేళ్ల ఎనిమిది నెలలని రాశారు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. మూల వేతనం నెలకు లక్ష అనుకున్నా 2 లక్షల 88 వేలు. నోటీసు పీరియడ్ మూడు నెలలూ సర్వీసులోకే వస్తాయి కనుక, ఒక్క నెల ఆగి రాజీనామా ఇస్తే చాలు. రెండోది ఆరోగ్య బీమా. కంపెనీ పాలసీ ఉద్యోగంతోనే పోతుంది. సొంత పాలసీ కొత్తగా తీసుకుంటే బీపీకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అన్నాళ్లూ దాని చికిత్సకు బీమా డబ్బు రాదు. అందుకే ఉద్యోగంలో ఉండగానే, అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మార్చుకోవడం గురించి హెచ్‌ఆర్‌ను అడగమనండి. మీ మోకాలి ఆపరేషన్ ఆ కంపెనీ బీమా కార్డు మీదే అయిందని రాశారు. మీ పేరు, అమ్మగారి పేరు కూడా కొత్త పాలసీలో ఉండేలా చూసుకోండి.

భయపడకండి. పగటి ఉద్యోగంలో రెండేళ్లు చేసి మళ్లీ పెద్ద జీతానికి వెళ్లిన పిల్లలను చూశాను. పని మానలేదు కాబట్టి గ్యాప్ గురించి ఎవరూ అడగరు. సంబంధాలంటారా, 38 లక్షలని చూసి వచ్చే అమ్మాయి అర్ధరాత్రి దాకా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునే మనిషితో కాపురం చేయాలి. ఆవిడ కోసమైనా ఆలోచించండి.

ఇంకొకటి. ఫ్లాట్ సంగతి రాస్తూ మీరు ‘కొన్నాం’ అన్నారు, ‘కొన్నాడు’ అనలేదు. ఆ కోరిక ఎవరిదో నేను అడగను. ఈ ఆదివారం అబ్బాయి ఊరొస్తున్నాడని రాశారు కదా, మధ్యాహ్నం దాకా పడుకోనివ్వండి. భోజనాలయ్యాక ఫ్లాట్ అమ్మే మాట మీరే ఎత్తండి. అతను ఎత్తలేడు.