పాత కారుకు హెడ్‌లైట్లు మాటిమాటికీ ఎందుకు పోతున్నాయి?

ప్రశ్న: మాది 1999 మోడల్ మారుతి 800. ఇంజను, గేర్లు ఇప్పటికీ నిక్షేపంలా ఉన్నాయి గాని, రెండేళ్లుగా హెడ్‌లైట్లు మాత్రం ఏడిపిస్తున్నాయి. ఎడమవైపు బల్బు మూడుసార్లు మార్పించాను. ఒకసారి ఫ్యూజు, మరోసారి స్టీరింగు దగ్గరి లైట్ల స్విచ్చి మార్చారు. ప్రతిసారీ నెలా నెలన్నర బాగుండి, మళ్లీ మొదటికొస్తోంది. వెలుగు చాలడం లేదంటే 100/90 వాట్ల బల్బులు వేశారు. ఆ తర్వాత ఎడమ హోల్డరు నుంచి కాలిన వాసన వచ్చింది. ఎడమ ఇండికేటరు వేస్తే ఆ వైపు హెడ్‌లైటు కూడా దానితోపాటు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. పోయిన నెల చీరాల నుంచి 216 నంబరు జాతీయ రహదారి మీద వస్తుండగా రెండు లైట్లూ ఒక్కసారిగా ఆరిపోయాయి. స్విచ్చిని అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పితే వెలిగాయి. కారు మొత్తానికి కొత్త వైరింగు వేయడం తప్ప వేరే దారి లేదని షాపులో అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, బాపట్ల

జవాబు: మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే, మొత్తం వైరింగు మార్చవలసిన అవసరం ఉన్నట్లు నాకు అనిపించడం లేదు. అయితే రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోవడం ఎంతమాత్రం ఉపేక్షించదగినది కాదు కనుక, ఆ లోపం దొరికి సరిచేసేదాకా దయచేసి కారును రాత్రిపూట బయటికి తీయకండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు వెళుతుంది. స్విచ్చిని నాలుగుసార్లు తిప్పడానికి మూడు సెకన్లు పట్టిందనుకున్నా, ఆ రాత్రి మీరు యాభై మీటర్లు చీకట్లో ప్రయాణించారన్న మాట.

రెండో పని, ఆ 100/90 బల్బులను వెంటనే తీసివేయించడం. హెచ్4 రకం బల్బుకు అంతర్జాతీయంగా నిర్ణయించిన వాటేజీ 60/55. అంటే బ్రైట్‌కు 60, డిమ్‌కు 55. 12 వోల్టుల లెక్కన డిమ్‌లో ఒక్కో బల్బు సుమారు 4.6 ఆంపియర్లు తీసుకుంటుంది. అదే 90 వాట్ల ఫిలమెంటైతే 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది. పెరిగింది ఒకటిన్నర రెట్ల పైచిలుకే అయినా, వదులైన కాంటాక్టు దగ్గర పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి అక్కడ వేడి రెండున్నర రెట్లు దాటిపోతుంది. మీకు వచ్చిన కాలిన వాసన ఆ వేడిదే. ఈపాటికి హోల్డరు ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, లోపలి ఇత్తడి రేకు పట్టు వదిలేసి ఉంటుంది. ఒకసారి కమిలిన రేకుకు స్ప్రింగు గుణం మళ్లీ రాదు. దాన్ని ప్లయర్‌తో నొక్కి సరిపెట్టవద్దు, పింగాణీ హోల్డరు కొత్తది వేయించండి.

ఇక అసలు రోగం సంగతి. మీరు చెప్పిన లక్షణాల్లో రెండు వేర్వేరు లోపాలు కనిపిస్తున్నాయి. ఇన్నాళ్లూ రెంటినీ కలిపి ఒకటేనని వెతకడం వల్లనే అవి దొరకలేదని నా అభిప్రాయం.

ఇండికేటరుతోపాటు హెడ్‌లైటు కూడా తగ్గి పెరగడం అన్నది ఎర్తు చెడిపోయిందనడానికి దాదాపు తిరుగులేని గుర్తు. లైటు వెలగాలంటే బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటు ఫిలమెంటు గుండా పోయి, బాడీ రేకు మీదుగా మళ్లీ బ్యాటరీ నెగటివుకు చేరాలి. ఒక వైపు హెడ్‌లైటు, ఇండికేటరు, పార్కింగు లైటు ఒకే ఎర్తు వైరును పంచుకున్నప్పుడు, ఆ వైరు బాడీని తాకే చోట తుప్పు పడితే, మూడింటి కరెంటూ ఆ ఇరుకు దారిలో తోసుకోవలసి వస్తుంది. బాపట్ల వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ జబ్బు మరీ ఎక్కువ. బోల్టు పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది గాని, విప్పి చూస్తే లగ్గు (వైరు చివర నొక్కిన రేకు) కింద పచ్చటి చిలుము, దాని కింద ఎర్రటి తుప్పు కనిపిస్తాయి.

బల్బు మార్చినప్పుడల్లా నెలన్నర పాటు ఎందుకు బాగుపడిందన్న సందేహం మీకు రావచ్చు. తీసేసిన ఆ మూడు బల్బుల్లో ఫిలమెంటు నిజంగా తెగి ఉండగా మీరు కళ్లతో చూశారా? నాకైతే అనుమానమే. కొత్త బల్బును కప్లరులోకి, అంటే వైర్లు వచ్చి చేరే ప్లగ్గులోకి, నెట్టినప్పుడు దాని కాళ్లు లోపలి రేకుల మీది మసిని గీరివేస్తాయి, పక్కనున్న వైర్లు కదులుతాయి, చెడిన కాంటాక్టు కొంతకాలం పట్టు దొరకబుచ్చుకుంటుంది. బాగుచేసింది ఆ గీరుడే. పేరు బల్బుకు వచ్చింది, డబ్బు మీ జేబులోంచి పోయింది.

పరీక్ష ఎలా చేయాలో చెబుతాను, పక్కనే నిలబడి చేయించండి. మొదట ఎడమ బల్బు కప్లరు ఊడదీసి, లైట్లు వేసి, టెస్ట్ లాంపు (కరెంటు ఉందో లేదో చూసే చిన్న పరీక్ష బల్బు) క్లిప్పును బ్యాటరీ నెగటివుకు తగిలించి, కప్లరులోని మూడు రేకులనూ ఒక్కొక్కటిగా తాకి చూడాలి. డిమ్‌లో ఒకటి, బ్రైట్‌లో మరొకటి లాంపును వెలిగించి, మూడోది ఎప్పుడూ వెలిగించకపోతే ఆ మూడోదే ఎర్తు. ఒకవేళ డిమ్‌లోనూ బ్రైట్‌లోనూ ఒకే రేకు లాంపును వెలిగిస్తే, స్విచ్చి పని చేస్తున్నది ఎర్తు వైపున అని అర్థం. కొన్ని పాత కార్ల పద్ధతి అదే. అటువంటి కారులో కింద చెప్పబోయే జంపరు వైరును (పరీక్ష కోసం తాత్కాలికంగా కలిపే వైరును) ఆ ఉమ్మడి రేకుకు తగిలిస్తే నేరుగా షార్టవుతుంది. మీ కారు మీద గతంలో ఎన్ని చేతులు పడ్డాయో తెలియదు కనుక ఈ మెట్టును దాటవేయవద్దు.

ఎర్తు రేకు ఏదో తేలాక కప్లరును బల్బుకు మళ్లీ తొడిగి, ఇంజను నడుస్తూ లైట్లు వెలుగుతుండగా, మల్టీమీటరు ఒక మొన కప్లరు వెనకనుంచి ఎర్తు రేకుకు, రెండో మొన బ్యాటరీ నెగటివుకు పెట్టాలి. 0.2 వోల్టులకు మించి చూపకూడదు. తర్వాత బ్యాటరీ పాజిటివుకు, బల్బుకు కరెంటు తెచ్చే రేకుకు మధ్య కొలవాలి. 0.5 దాటితే ఆ దారిలోనూ నష్టం ఉన్నట్లే. లైట్లు ఆర్పి కొలిస్తే మీటరు అంతా బాగున్నట్లే చూపుతుంది. పన్నెండు వోల్టులూ వస్తున్నాయని మెకానిక్కు ధీమాగా చెప్పేది ఆ కొలతే. కరెంటు పారుతున్నప్పుడు తప్ప ఆ నష్టం బయటపడదు.

మీలాంటి సమస్యతోనే ఒక మిత్రుడి కారును నేను చూసినప్పుడు, బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉండగా బల్బు కాళ్ల మధ్య 11.2 మాత్రమే వచ్చాయి. పోయిన 2.6లో 1.9 వోల్టులు ఒక్క ఎర్తు బోల్టు దగ్గరే ఆవిరయ్యాయి. వోల్టేజీ పది శాతం తగ్గితే హాలొజెన్ బల్బు వెలుగు సుమారు ముప్పై శాతం పడిపోతుంది. ఆ లెక్కన ఆయన సగం వెలుగుతో ఏడాదిపాటు రాత్రిళ్లు ప్రయాణించాడు. ఎర్తు రేకు నుంచి బ్యాటరీ నెగటివుకు ఒక మూర వైరును జంపరుగా పట్టుకోగానే ఎదుటి గోడ మీది పసుపు మచ్చ తెల్లగా విచ్చుకుంది. మీ కారులోనూ ఈ జంపరు పెట్టి చూడండి, ఖర్చు లేని రుజువు అది.

రుజువు దొరికాక ఎర్తు బోల్టు విప్పి, బాడీ రేకును ఎమెరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, వైరు చివర చిలుము పట్టిన భాగాన్ని కత్తిరించివేసి, కొత్త లగ్గు నొక్కించి, పళ్ల వాషరుతో గట్టిగా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయించండి. కత్తిరించినప్పుడు రాగి పోగులు నల్లగా ఉంటే, ఎర్రటి రాగి కనిపించేదాకా ఇంకా వెనక్కి కత్తిరించాలి. సముద్ర తీరాన ఉన్నారు కాబట్టి, రెండు హెడ్‌లైట్ల నుంచీ బ్యాటరీ నెగటివుకు నేరుగా ఒక్కో వైరు అదనంగా లాగించడం ఇంకా మేలు.

రెండు లైట్లూ ఒకేసారి ఆరి, స్విచ్చి తిప్పితే వెలగడం రెండో లోపం. ఒక్క ఎడమ ఎర్తు చెడితే కుడి లైటు ఆరదు. కాబట్టి ఇది రెంటికీ ఉమ్మడి అయిన దారిలో, అంటే స్విచ్చిలోగాని దాని వెనక కప్లరులోగాని ఫ్యూజు పెట్టెలోగాని ఉంది. స్విచ్చి ఇటీవలే మార్చారు కాబట్టి నేనైతే ముందు దాని కప్లరు ఊడదీసి కమిలిన రేకు ఉందేమో చూస్తాను, ఆ తర్వాత ఫ్యూజు పట్టే రేకులు నల్లబడ్డాయేమో చూస్తాను. ఫ్యూజు చుట్టూ సిగరెట్ పెట్టెలోని వెండి రేకు చుట్టి ఉంటే మాత్రం అక్కడికక్కడే తీయించండి. షార్టయిన రోజున ఫ్యూజుకు బదులు వైరింగు అంటుకుంటుంది.

ఆ తరం కార్లలో చాలావాటికి హెడ్‌లైట్ల కరెంటంతా స్టీరింగు దగ్గరి స్విచ్చి గుండానే పోతుంది. రెండు బల్బులకూ కలిపి డిమ్‌లో తొమ్మిది ఆంపియర్లకు పైగా మోసే ఆ చిన్న కాంటాక్టుల భారాన్ని ఇప్పుడైనా తగ్గించడం న్యాయం. అందుకు రిలేలు (కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చిలు) వేయించండి, డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి. అప్పుడు స్విచ్చి గుండా రిలేలోని తీగచుట్టకు కావలసిన కొద్దిపాటి కరెంటే పోతుంది. బల్బుల కరెంటు బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీదుగా నేరుగా వస్తుంది. ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోపే పెట్టాలి. రిలే దగ్గర పెడితే బ్యాటరీకీ రిలేకూ మధ్య వైరు ఒరుసుకుపోయినప్పుడు కాపాడే నాథుడుండడు. ఎడమ కుడి బల్బులకు వేర్వేరు ఫ్యూజులు పెట్టిస్తే ఒకటి పోయినా రెండోది మిగులుతుంది. ఎర్తు వైపు స్విచ్చి ఉన్న కారైతే రిలే కలిపే తీరు వేరు, ఆ సంగతి పని మొదలుపెట్టకముందే ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది అతుకుల సంగతి. అయిదుసార్లు రిపేరు అయిన వైరింగులో, బ్యాటరీ పక్కన టేపు విప్పితే, మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లు కనీసం మూడు నాలుగైనా బయటపడతాయి. ఇంజను వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది, వానకాలపు తేమ లోపలికి దిగుతుంది, రాగి పచ్చబడుతుంది. ఒక కారులో నేను విప్పిన అతుకు టేపుతో సహా చేతిలోకి ఊడివచ్చింది. లోపల పచ్చటి పొడి తప్ప రాగి పోగు ఒక్కటీ మిగల్లేదు. ప్రతి అతుకునూ సరైన ప్లయర్‌తో క్రింపు చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి), జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు తొడిగించండి. టంకం పెట్టడం తప్పు కాదు గాని, టంకం ఆగిన చోట వైరు పెళుసై, కుదుపులకు అక్కడే తెగుతుంది కాబట్టి దాన్ని బిగించి కట్టాలి. కప్లర్లు, హోల్డర్లు, మంచి వైరు మీకు విజయవాడ ఆటోనగర్‌లో సులువుగా దొరుకుతాయి.

మొత్తం వైరింగు మార్చడమన్నది, వైరు తొడుగు వంచితే పెళపెళా పగులుతున్నప్పుడు, లేదా ఎలుకలు చాలాచోట్ల కొరికినప్పుడు చేయవలసిన పని. అది కూడా ముందరి భాగానికి పరిమితం చేస్తే చాలు.

ప్రశ్న: పాత కారు వైరింగు బాగుచేయించే బదులు, తక్కువ కరెంటు తీసుకునే ఎల్‌ఈడీ బల్బులు వేసుకుంటే సరిపోదా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కరెంటు తక్కువ తీసుకుంటాయన్నది నిజమే, కాని వాటిని వేయవద్దనే చెబుతాను. హెచ్4 బల్బులో డిమ్ ఫిలమెంటు కింద గిన్నెలాంటి చిన్న లోహపు రేకు ఉంటుంది. వెలుగు పైకి చిమ్మకుండా ఆపేది అదే. మీ హెడ్‌లైటు రిఫ్లెక్టరును ఆ ఫిలమెంటు ఉన్న చోటును బట్టి, దాని కొలతను బట్టి తీర్చారు. ఎల్‌ఈడీ చిప్పులు సరిగ్గా ఆ స్థానంలో, ఆ ఆకారంలో కూర్చోకపోతే, మీకు దగ్గరలో తెల్లగా కనిపించినా దూరం తెలియదు, ఎదురుగా వచ్చే బండి నడిపే మనిషికి మాత్రం కళ్లు బైర్లు కమ్ముతాయి. పైగా ఎర్తు చెడి ఉంటే అది చెడినట్లే ఉంటుంది, ఎల్‌ఈడీ కూడా మినుకుమంటుంది.

ప్రశ్న: మా పాత కారుకు రెండు వైపులా హెడ్‌లైటు బల్బులు నెల తిరక్కుండా మాడిపోతున్నాయి. ఫిలమెంటు తెగి ఉంటోంది. వైరింగు కొత్తదే. కారణం ఏమిటి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఒక వైపే పోతుంటే వదులుగా ఉన్న లైటు కుదుపులను అనుమానించాలి. రెండు వైపులా పోతున్నాయంటే ముందు చూడవలసింది ఆల్టర్నేటరును, అంటే ఇంజనుతో తిరిగి బ్యాటరీని చార్జి చేసే యంత్రాన్ని. ఇంజను వేగం కొంచెం పెంచి బ్యాటరీ మీద కొలిస్తే 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 15 దాటితే ఆ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు పోయినట్లే. వోల్టేజీ అయిదు శాతం పెరిగితే చాలు, హాలొజెన్ బల్బు ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. బ్యాటరీలో నీళ్లు తొందరగా తగ్గిపోతున్నాయేమో కూడా గమనించండి, అది కూడా ఎక్కువ వోల్టేజీ గుర్తే. వోల్టేజీ సరిగానే ఉంటే, బల్బు వేసేవారు గాజును వట్టి వేళ్లతో పట్టుకుంటున్నారేమో చూడండి. చర్మపు జిడ్డు అంటిన చోట గాజు అమితంగా వేడెక్కి బల్బు త్వరగా చెడిపోతుంది. పొరపాటున వేలు తగిలితే స్పిరిటులో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఆరిన తర్వాతే బిగించాలి. రెగ్యులేటరు మార్పించవలసి వస్తే, మార్చిన తర్వాత ఒకసారి లైట్లు ఆర్పి, ఒకసారి అన్నీ వేసి, రెండుసార్లూ వోల్టేజీ కొలిపించి చూసుకున్నాకే కొత్త బల్బులు కొనండి.