సర్వే చేసినంత మాత్రాన పొలం పోదు, జేసీబీ మాత్రం పెట్టకండి

ప్రశ్న: మాది నంద్యాల జిల్లాలో నల్లమల అంచున ఉన్న పల్లె. నాన్న పేరున నాలుగెకరాల మెట్ట పట్టా ఉంది. ఒక మూల పాటిదిబ్బ, దాని మీద రాతి పునాది, విరిగిన స్తంభం ఉన్నాయి. నెల కిందట పురావస్తు శాఖ వాళ్లమంటూ ఇద్దరు వచ్చి, టేపుతో కొలిచి, ఫోటోలు తీసుకుని, చాళుక్యుల కాలం గుడిలా ఉందని చెప్పి వెళ్లారు. పొలం గవర్నమెంటు తీసేసుకుంటుందని ఊళ్లో అంటున్నారు. వాళ్లు మళ్లీ వచ్చేలోపు దిబ్బ చదును చేయించాలని తమ్ముడి పట్టు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ తమ్ముడిని ఆపండి. టెన్షన్ పడాల్సినంత ఇంకా ఏమీ జరగలేదు. కొలతలు, ఫోటోలు తీసుకున్నంత మాత్రాన మీ పట్టా మీద ఎవరికీ ఏ హక్కూ రాదు.

తవ్వకం వేరు. రక్షిత ప్రాంతం కాని చోట కేంద్ర పురావస్తు అధికారి తవ్వాలన్నా, 1958 నాటి పురాతన కట్టడాల చట్టం 22వ సెక్షన్ ప్రకారం కలెక్టరుకూ భూమి యజమానికీ ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. రాష్ట్ర శాఖ తవ్వాలంటే కేంద్రం అనుమతి తెచ్చుకోవాలి. తవ్వకం వల్ల పంట పోయినా, ఆదాయం తగ్గినా 27వ సెక్షన్ కింద పరిహారం అడగవచ్చు. ఇది మీ హక్కు, దయ కాదు.

ఆ దిబ్బను జాతీయ ప్రాముఖ్యం ఉన్నదిగా ప్రకటించాలనుకుంటే కేంద్రం ముందు రెండు నెలల నోటీసు ఇస్తుంది. దాని ప్రతి దిబ్బ దగ్గరే అంటిస్తారు. అభ్యంతరాలు ఆ రెండు నెలల్లోనే రాసి పంపాలి. చాలామంది ఆ కాగితాన్ని చూసి కూడా వదిలేస్తారు, గడువు దాటాక వకీలు దగ్గరికి వస్తారు. మీరు అలా చేయకండి.

ప్రకటించాక కూడా వ్యవసాయం ఆగదు. రైతులకు ఎవరూ చెప్పని విషయం 19వ సెక్షన్‌లో ఉంది: రక్షిత ప్రాంతంలో సైతం అడుగు లోతుకు మించి తవ్వనంత వరకు సాగు చేసుకోవచ్చు. గొర్రు, గుంటక అంత లోతుకు పోవు. ట్రాక్టరుతో లోతు దుక్కి దున్నించేటప్పుడే జాగ్రత్త పడాలి. ఇల్లు కట్టే ఆలోచన ఉంటే మాత్రం ఇబ్బందే. కేంద్ర రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్లలో కొత్త కట్టడం నిషేధం, ఆపైన 200 మీటర్లలో అనుమతి కావాలి. రాష్ట్ర శాఖ తన 1960 నాటి చట్టం కింద రక్షిస్తే ఆంక్షలు ఆ చట్టాన్ని బట్టి ఉంటాయి కాబట్టి, నోటీసు ఏ చట్టం కింద వచ్చిందో ముందు చూడండి. ఒకవేళ భూమిని సేకరించినా, 2013 భూసేకరణ చట్టంలోని పరిహారం లెక్కలు 2015 కేంద్ర ఉత్తర్వుతో దీనికీ వర్తిస్తాయి.

ఇక జేసీబీ సంగతి. ఇవాళ్టికి అది రక్షిత కట్టడం కాదు, నిజమే. కానీ బకెట్టు కింద విగ్రహమో నాణేలో బయటపడితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం అడ్డొస్తుంది. దొరికినదాని విలువ 10 రూపాయలు దాటినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెట్టినవాడికి ఏడాది దాకా జైలు, దొరికినదాంట్లో అతనికి రావాల్సిన వాటా కూడా పోతుంది.

చట్టం పక్కన పెట్టి ఒక మాట. చాళుక్యుల నాటి గోడల్లో రాళ్లను సున్నం లేకుండా ఒకదానిపై ఒకటి పేర్చేవారు. ఏ రాయి ఎక్కడ ఉందన్నదే ఆ గుడి చరిత్ర. శ్రీశైలం ముంపులో పోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టగలిగారంటే, ఏ రాయి ఎక్కడిదో ముందే రాసిపెట్టుకోబట్టే. మీ దిబ్బను ఒక్క పూటలో చదును చేయిస్తే పదమూడు వందల ఏళ్లుగా ఉన్న ఆ వరస మళ్లీ దొరకదు. నాకు ఆ బాధ ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు చేయాల్సింది: పాసుపుస్తకం, 1బి, అడంగల్ నకళ్లు దగ్గర పెట్టుకోండి. దిబ్బను నాలుగు వైపుల నుంచీ ఫోన్‌తో ఫోటోలు తీయండి. మళ్లీ ఎవరొచ్చినా గుర్తింపు కార్డు, ఆఫీసు ఉత్తరం చూపమనండి, పేరూ తేదీ రాసుకోండి. మొదటి సర్వే నివేదికను సమాచార హక్కు చట్టం కింద అడగండి. రాత్రిపూట గుప్తనిధుల కోసం ఎవరైనా తవ్విన గుంత కనబడితే అదే రోజు పోలీసులకూ తహశీల్దారుకూ రాసివ్వండి. పొలం మీది కాబట్టి అనుమానం ముందు మీ మీదికే వస్తుంది.