సందేహాలు – సమాధానాలు: కాంతికి ఆటుపోట్లు ఉంటాయా?

సందేహం: మా పాఠశాల సంచిక కోసం క్రియాశీల గెలాక్సీ కేంద్రకాల గురించి వ్యాసం రాస్తూ ‘కాంతిలో ఆటుపోట్లు’, ‘నక్షత్ర నిర్మాణం’ అన్నాను. తోటి ఉపాధ్యాయులొకరు రెండూ తప్పన్నారు. నిజమేనా? – ఒక ఉపాధ్యాయిని, రాజోలు

సమాధానం: తప్పులని కొట్టివేయలేను గాని, రెండింటినీ మార్చమనే చెబుతానమ్మా.

రేపు పోటు ఏ వేళకు వస్తుందో అంతర్వేది జాలరులు ఈరోజే చెప్పగలరు. రోజుకు రెండుసార్లు వస్తుంది, మరునాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అమావాస్యకూ పున్నమికీ ఉధృతమవుతుంది. ‘ఆటుపోట్లు’ అనగానే ఆ లెక్క కూడా మాట వెంట వచ్చేస్తుంది. గెలాక్సీ కేంద్రకాల వెలుగుకు అటువంటి వేళలు లేవు. గెలాక్సీ నడిమధ్యనున్న కృష్ణబిలం చుట్టూ సుడి తిరుగుతూ కాగిపోయే వాయువు వెలుగు అది. కొన్ని రోజుల్లోనే మారవచ్చు, ఏళ్ల తరబడి మెల్లగా మారవచ్చు. 3సి 273 అనే క్వేజార్ (అతి ప్రకాశవంతమైన ఇలాంటి కేంద్రకం) ఎంత దూరంలో ఉందో 1963లో ఖగోళ శాస్త్రవేత్త మార్టెన్ స్మిట్ తేల్చాక, పాత ఫొటో పలకలు తీసి చూస్తే దశాబ్దాలుగా దాని వెలుగు అలా మారుతూనే ఉందని తెలిసింది.

దీనికి సరిపోయే పోలిక మీకు దగ్గర్లోనే ఉంది. వానాకాలంలో ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం ఎగువ నుంచి వచ్చే నీటిని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. దాన్ని ఆటుపోట్లని ఎవరూ అనరు, హెచ్చుతగ్గులంటారు. కేంద్రకం వెలుగు కూడా వచ్చిపడే వాయువును బట్టే ఉంటుంది కనుక ‘కాంతిలో హెచ్చుతగ్గులు’ అనండి. శీర్షికకు ఒకే మాట కావాలంటే ‘చరత్వం’ బాగుంటుంది. చరరాశి చదివిన పిల్లలకు అది కొత్త కాదు. ‘చంచలత్వం’ మాత్రం వద్దు. అది మనసు మీద వేసే నింద.

ఇక ‘నిర్మాణం’. శరీర నిర్మాణం అంటే శరీరం లోపలి అమరిక. అలాగే నక్షత్ర నిర్మాణమంటే నక్షత్రం లోపల ఏముందో చెబుతున్నారని పిల్లలు అనుకుంటారు. పైగా నిర్మాణానికి నిర్మించేవారు కావాలి. వాయుమేఘం తన గురుత్వాకర్షణకు తానే కుంచించుకుపోయి నక్షత్రమవుతుంది. అందుకే ‘నక్షత్రాల పుట్టుక’ అనండి. ‘కేంద్రకం నుంచి వెలువడే శక్తి చుట్టూ ఉన్న వాయువును తరిమి నక్షత్రాల పుట్టుకను అడ్డుకోవచ్చు’ అని చదివి చూడండి. ఆ చోట ‘నిర్మాణాన్ని అడ్డుకోవచ్చు’ అంటే ఇంటి పని ఆపించినట్లుంటుంది.

‘గెలాక్సీ’ని అలాగే ఉంచినందుకు సంతోషం. కొందరు ‘పాలపుంతలు’ అని బహువచనం చేస్తున్నారు. పుంత అంటే బండ్లు నడిచే దారి, మీ పొలాల మధ్య ఇప్పటికీ వినిపించే మాట. ఆకాశంలో మనకు కనిపించే ఆ తెల్లని దారి ఒక్కటే. ఆ పేరు మన గెలాక్సీ ఒక్కదానికే చెల్లుతుంది.