రేపు నల్లా రాదు

బిడ్డా,

హన్మకొండ చౌరస్తాలోని ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌గా చేరావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమైంది. ముప్పై ఏళ్లు ఈ ఊరి గోడల మీద, గుడ్డ బ్యానర్ల మీద కుంచెతో రాసినవాణ్ణి నేను. కంప్యూటర్ నాకు రాదు కానీ నీకూ నాకూ పని మాటలతోనే. అందుకే ఈ ఉత్తరం.

ముందు గిరాకీకి ఏం కావాలో తేల్చుకో. మన దగ్గర అన్నింటినీ బోర్డు అంటారు, కాకపోతే ఫ్లెక్సీ అంటారు. "కట్టేదా, బిగించేదా, అంటించేదా, పంచేదా?" అని అడుగు. కట్టేది ఫ్లెక్సీ, బిగించేది షాపు బోర్డు, అంటించేది వాల్‌పోస్టర్, పంచేది కరపత్రం. హోర్డింగ్ అంటే ఇనుప చట్రం నిలబెట్టిన జాగా. దాన్ని కిరాయికి తీసుకోవాలి, కార్పొరేషన్ అనుమతి కూడా ఉండాలి. "హోర్డింగ్ కావాలి" అని వచ్చినవాళ్లలో చాలామందికి కావాల్సింది పెద్ద ఫ్లెక్సీయే. కొలత రాసుకునేటప్పుడు అడ్డం ఎంత, నిలువు ఎంత అని వేర్వేరుగా రాసుకో.

ఇక నోటీసుల సంగతి. ఒకసారి నాతో ఒక వాడ గోడ మీద "మరమ్మతుల నిమిత్తం నీటి సరఫరా నిలుపుదల చేయబడును" అని రాయించారు. రాస్తుంటే ఒక ముసలమ్మ వచ్చి, "ఏం రాస్తున్నవు కొడుకా?" అంది. చదివి వినిపించాను. కాసేపు ఆగి, "అంటే రేపు నల్లా రాదా?" అని అడిగింది. నా చెయ్యి ఆగిపోయింది. కింద పెద్ద అక్షరాలతో "రేపు నల్లా రాదు" అని నా అంతట నేనే రాశాను. సాయంత్రానికి ఆ వాడలో ప్రతి ఇంటి ముందూ నిండు బిందెలు కనిపించాయి. చాటింపు వేసే మనిషి డప్పు కొట్టి చెప్పేది కూడా ఇలాంటి మాటే కదా. ఆఫీసు వాళ్లు "తెలియజేయునది ఏమనగా" అని రాసిస్తే కొట్టెయ్యకు, అది వాళ్ల పద్ధతి. కానీ అసలు మాట ఒక్క వరుసలో పైన పెట్టమని అడుగు. ఎవరు చెబుతున్నారు, ఎవరికి, ఎప్పటిదాకా అన్నవి తప్పక ఉండాలి.

మన ఓరుగల్లు రాజు గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఓడ వ్యాపారులకు భరోసా ఇస్తూ వేయించిన అభయ శాసనంలో ఎవరు చెబుతున్నారు, ఎవరికి అన్నవి స్పష్టంగా ఉన్నాయి. తుఫానుకు ఓడ చెడి ఒడ్డుకు చేరితే పాత రాజులు సరుకంతా లాక్కునేవాళ్లని, తాను మాత్రం నిర్ణయించిన సుంకమే తీసుకుని మిగతాది వదిలేస్తానని చెప్పి, ఏ సరుకుకు ఎంతో కూడా రాతి స్తంభం మీద చెక్కించాడు. వచ్చే వ్యాపారికి తెలియాల్సింది అక్కడే ఉంది.

అక్షరాల దగ్గర జాగ్రత్త. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అని మా లెక్క. వంద అడుగుల నుంచి కనపడాలంటే పది అంగుళాలు ఉండాలి. గుడులు, ఒత్తులు లేకుండా అక్షరం ఒంటినే కొలువు. వరుసల మధ్య జాగా వదలకపోతే పై వరుస ఒత్తు కింది గుడిలో ఇరుక్కుంటుంది. వెనకాల కాకతీయ తోరణం పెట్టమని అందరూ అడుగుతారు. పెట్టు, కానీ అక్షరాలు దాని మీదికి ఎక్కనీయకు. అను అనే తెలుగు ఫాంట్‌లో ఉన్న మాటలు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే చెదిరిపోతాయని విన్నాను. ప్రింటుకు పంపే ముందు మళ్లీ చదువు.

ఒక తప్పు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఒక ఇంటి పెద్ద పోయిన ఏడాదికి రాయించిన బ్యానర్ మీద వర్ధంతికి బదులు జయంతి అని రాశాను. ఆయన కొడుకు నన్ను ఒక్క మాట అనలేదు, బ్యానర్ వైపు చూస్తూ నిలబడ్డాడు. రాత్రంతా కూర్చుని మళ్లీ రాసిచ్చాను. అప్పటి నుంచి గిరాకీతో పైకి చదివించి, సంతకం పెట్టించుకోకుండా పని మొదలుపెట్టలేదు. నువ్వూ అట్లాగే చెయ్యి.

ఎన్నికలప్పుడు పోస్టరు, కరపత్రం వేస్తే అచ్చు వేసినవారి పేరు, చిరునామా, వేయించినవారి పేరు, చిరునామా తప్పకుండా ఉండాలి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ సెక్షన్ అదే చెబుతుంది. వేయించేవాళ్లు ఇద్దరు తెలిసినవాళ్లతో ధ్రువీకరింపజేసిన డిక్లరేషన్ కూడా ఇవ్వాలి. "అర్జెంట్, తర్వాత ఇస్తాం" అంటే ఒప్పుకోకు. తప్పు జరిగితే జైలు దాకా పోతుంది. మీ ఓనర్‌కు కూడా ఈ మాట చెప్పు.

నా పాత కొలతల నోటుబుక్కు మీ నాన్నతో పంపిస్తున్నాను.

ఆశీస్సులతో
మీ పెద్దనాన్న