స్పేర్ రౌటర్ కొనాలా, సపోర్ట్ తీసుకోవాలా?

ప్రశ్న: సార్, మాది తణుకులో చిన్న కాలేజీ, 4 ల్యాబ్‌లకీ ఆఫీసుకీ కలిపి ఒకటే రౌటర్. మొన్న పిడుగు పడి కాలిపోతే అమ్మినాయన మార్చివ్వడానికి 11 రోజులు పట్టింది, పిల్లల ఆన్‌లైన్ పరీక్ష ఆగిపోయింది. ఈసారి ఖరీదైనది కొని సపోర్ట్ కాంట్రాక్ట్ (పాడైతే కంపెనీయే మార్చిచ్చే ఒప్పందం) తీసుకోవాలా, మామూలువి రెండు కొనాలా?

జవాబు: మీ అవసరానికైతే ఒకే మోడల్‌వి రెండు కొనండి. కాంట్రాక్ట్‌లో నెక్స్ట్ బిజినెస్ డే, అంటే తర్వాతి పనిరోజుకే మార్చిస్తాం అని రాసున్నా శుక్రవారం సాయంత్రం పోతే సోమవారమో మంగళవారమో వస్తుంది, అదీ మీ పిన్‌కోడ్‌కి వర్తిస్తేనే, అది ముందే రాతలో అడిగి తీసుకోండి. స్పేర్ ఊరికే బీరువాలో పెడితే లాభం లేదండీ, అందులో కూడా అదే ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్), అదే కాన్ఫిగ్ (సెట్టింగులు) ఎక్కించి పెట్టాలి, ఆరు నెలలకోసారి నిజంగా మార్చి చూడాలి, ఎందుకంటే కొంతమంది ఇంటర్నెట్ వాళ్లు పాత రౌటర్ మ్యాక్ అడ్రస్‌కి (ఆ పరికరానికుండే గుర్తింపు నంబరుకి) లైన్ కట్టేస్తారు, కొత్తది పెట్టగానే నెట్ రాదు, పరీక్ష రోజు తెలిస్తే ఏం చేస్తాం చెప్పండి? అడాప్టర్ కూడా ఒకటి ఎక్స్‌ట్రా ఉంచండి, చాలాసార్లు పోయేది అదే. స్పేర్‌కి మాత్రం కరెంటు, కేబుల్ ఏవీ తగిలించొద్దు, పిడుగు వాటిలోంచే వస్తుంది, ఎర్తింగ్ కూడా చూపించుకోండి.

డిస్కౌంట్ అంటే జాగ్రత్త, ఆ మోడల్ అమ్మకం ఆపేశారేమో కంపెనీ సైట్‌లో చూడండి. సిస్కో లాంటి పెద్ద నెట్‌వర్క్ పరికరాల కంపెనీలవాళ్లు అమ్మకం ఆపేశాక మామూలుగా 5 ఏళ్లు సపోర్ట్ ఇస్తారు, అన్ని కంపెనీలూ అలా ఇవ్వవు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో అడిగాకే డబ్బు కట్టండి.