స్లీవ్ ఆపరేషన్ తర్వాత దొంగచాటుగా తింటున్నాను, వాంతి చేసుకుంటున్నాను

ప్రశ్న: నా వయసు 34. మాది గుంటూరు. 16 నెలల క్రితం హైదరాబాద్‌లో బరువు తగ్గే ఆపరేషన్ (స్లీవ్) చేయించుకున్నాను. 112 కిలోల నుంచి 71కి వచ్చాను, ఇప్పుడు మళ్లీ 76. పగలంతా కాఫీతో నెట్టుకొచ్చి, మధ్యాహ్నం రెండింటికి ఇంత కూర తింటాను. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి, మూత చప్పుడు కాకుండా కొంగు అడ్డం పెట్టి మిక్చర్ డబ్బా తీస్తాను. ఒక పిడికెడు, ఇంకో పిడికెడు, అలా రెండు గంటలు. తర్వాత బాత్రూంలో గొంతులో వేలు పెట్టుకుని వాంతి చేసుకుంటాను. రెండు నెలలుగా దాదాపు రోజూ ఇదే. పోయిన వారం నీరసంతో కళ్లు తిరిగితే మా వీధిలో ఆర్‌ఎంపీ దగ్గర రెండు గ్లూకోజ్ బాటిళ్లు ఎక్కించుకున్నాను. మా అత్తగారు ‘లక్షలు పోసి పొట్ట కోయించుకుంది, మళ్లీ ఊరుతోంది’ అంటున్నారు. పద్నాలుగేళ్ల వయసు నుంచీ నాకు దాచుకుని తినే అలవాటుంది, ఆపరేషన్‌తో అది పోతుందనుకున్నాను. వచ్చే నెల మా చెల్లి పెళ్లి. రెండో ఆపరేషన్ చేయించుకోనా? వాంతుల సంగతి మా ఆయనకు తెలియదు.

జవాబు: అమ్మా, బరువు, పెళ్లి, అత్తగారి మాటలు అన్నీ తర్వాత మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఆ గ్లూకోజ్ బాటిల్. ముందు దాని గురించి చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

విటమిన్ బి1, అంటే థయమిన్, మన ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. ఆపరేషన్ అయినవాళ్లు ఎలాగూ తక్కువ తింటారు, దానికి తోడు రోజూ వాంతులైతే ఆ ఉన్న కాస్తా అయిపోతుంది. అలాంటి ఒంట్లోకి గ్లూకోజ్ ఎక్కిస్తే, దాన్ని ఖర్చు చేసుకోవడానికి శరీరం మిగిలిన బి1ని కూడా ఊడ్చేస్తుంది. అప్పుడు దెబ్బ పడేది మెదడు మీద. నడిస్తే తూలడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, మాట తడబడి మనసు గందరగోళంగా ఉండటం, ఇవి దాని గుర్తులు. దీన్ని వెర్నికీ ఎన్‌సెఫలోపతి అంటారు, ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతింటుంది. అందుకే ఇలాంటివాళ్లకి గ్లూకోజ్ పెట్టాల్సి వస్తే దానికి ముందే బి1 ఇవ్వాలి. మీ వీధి ఆర్‌ఎంపీకి మీకు ఆపరేషన్ అయిందని కూడా మీరు చెప్పి ఉండరని నా అనుమానం. ఇకమీదట ఎంత నీరసంగా ఉన్నా అక్కడ బాటిల్ పెట్టించుకోవద్దు.

పైన చెప్పిన గుర్తుల్లో ఒక్కటి ఉన్నా, లేదా గుండె దడదడలాడినా, వాంతిలో రక్తం కనిపించినా, ఇది చదవడం ఆపి మీ ఆయన్ని లేపి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. అవేవీ లేకపోతే రేపు పొద్దున్నే ఫిజీషియన్ దగ్గరికో, ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికో వెళ్లండి. బి1 ఇంజెక్షన్ అడగండి, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం చూపించుకోండి, ఈసీజీ తీయించుకోండి. వాంతుల వల్ల పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది, అది బయటికి ఏ గుర్తూ లేకుండా కూడా జరగొచ్చు. బి12, ఐరన్, డి విటమిన్ కూడా చూస్తారు. ఆపరేషన్ తర్వాత ఇచ్చిన విటమిన్ మాత్రలు జన్మంతా వేసుకోవాల్సినవి. చాలామంది ఏడాది దాటగానే మానేస్తారు, మీరూ మానేసి ఉంటే ఆ మాట దాచకుండా చెప్పండి.

ఇంకో సంగతి. మీ వాంతుల్లో అన్నీ మీరు వేలు పెట్టి చేసుకున్నవేనా, కొన్ని వాటంతట అవే వస్తున్నాయా? స్లీవ్ అయినవాళ్లు ముద్దన్నం గబగబా మింగినా, తింటూ మధ్యలో నీళ్లు తాగినా ఛాతీలో అడ్డం పడి వెనక్కి వచ్చేస్తుంది. ఆపరేషన్ తర్వాత పొట్ట సన్నటి గొట్టంలా మిగులుతుంది, అది ఎక్కడైనా ఇరుకైనా అంతే. ఆ తేడా డాక్టరుకు చెబితే ఎండోస్కోపీ అవసరమో కాదో తేలుస్తారు.

ఇప్పుడు రాత్రిపూట సంగతికి వద్దాం. కొంగు అడ్డం పెట్టి మూత తీస్తానని రాశారు చూడండి, ఆ ఒక్క వాక్యంలో మీ ఇరవై ఏళ్ల బాధ కనిపించింది నాకు. స్లీవ్‌లో పొట్టను ముప్పాతిక భాగానికి పైగా తీసేస్తారు, అరటికాయంత గొట్టం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే, అందుకే మొదటి కొన్ని నెలలు ఆకలే తెలియదు. అంతా అయిపోయింది, నేను మారిపోయాను అనిపిస్తుంది. కానీ పద్నాలుగేళ్ల పిల్ల దాచుకుని తిన్నది పొట్టలో ఆకలితో కాదు కదమ్మా. అప్పుడు ఇంట్లో ఏం జరిగిందో మీరు రాయలేదు, ఎప్పుడైనా ఎవరితోనైనా చెప్పుకోవాలి. ఆ బాధను సర్జన్ కత్తి ముట్టుకోలేదు, ముట్టుకోవడం దాని వల్ల కాదు కూడా. ఆపరేషన్‌కి ముందు మానసిక పరీక్ష ఉంటుంది, అందులో ‘ఎవరూ చూడనప్పుడు తింటారా, తింటున్నప్పుడు ఆపుకోలేకపోతారా’ అని అడగాలి. పది నిమిషాల్లో సంతకం పెట్టించి పంపేసిన వాళ్లని నేను చాలామందిని చూశాను, ఆ విషయంలో నాకు కోపం ఉంది, దాచుకోను.

మీకున్నది తిండిపోతుతనం కాదు, సిగ్గులేకపోవడం అంతకన్నా కాదు. ఇది ఈటింగ్ డిజార్డర్, జబ్బు, దీనికి వైద్యం ఉంది. ‘నేను తినేదే గుప్పెడు, దీన్ని జబ్బంటారా’ అని మీకు అనిపించొచ్చు. మామూలుగా అతిగా తినే జబ్బుని గుర్తించేటప్పుడు ఎంత తిన్నారో చూస్తారు, కానీ ఆపరేషన్ అయిన పొట్టలో ఎక్కువ పట్టదు కాబట్టి ఈ లెక్క పనికిరాదు. చూడాల్సింది చేయి ఆపుకోగలుగుతున్నారా లేదా అన్నది. కొంచెం కొంచెంగా గంటల తరబడి నములుతూ ఉండటం, నమిలి ఉమ్మేయడం, బరువు పెరుగుతుందని వేలు పెట్టుకోవడం, ఆపరేషన్ తర్వాత ఈ జబ్బు ఇలాంటి వేషాల్లో వస్తుంది. కోడికూర ముక్క రెండు తింటే పొట్ట బిగుసుకుంటుంది. మిక్చర్, బిస్కెట్, ఐస్‌క్రీమ్ అలా కాదు, కరిగి జారిపోతాయి, ఆ చిన్న గొట్టం వాటిని ఆపలేదు. మీ చేయి మిక్చర్ డబ్బా మీదికే వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

పైగా పగలంతా కాఫీ! ఇది మాత్రం మీరు రేపటి నుంచే మార్చగలిగింది. రోజంతా కడుపు మాడ్చుకుంటే రాత్రి పదకొండింటికి ఎవరి చేయైనా డబ్బాలోకే వెళ్తుంది, అప్పుడు తిన్నందుకు మర్నాడు మళ్లీ మాడ్చుకుంటారు, ఆ రాత్రి మళ్లీ డబ్బా. ఈ గొలుసు తెగేది రాత్రి కాదు, పొద్దున. లేచిన గంటలో ఒక గుడ్డో, చిన్న పెసరట్టు ముక్కో తినండి. ఆ తర్వాత మూడు నాలుగు గంటలకు మించి ఖాళీగా ఉండొద్దు: పెరుగు, పప్పు, చేప, పనీరు, మీ ఇంట్లో ఏది ఉంటే అది, ముందు ప్రొటీన్, తర్వాతే అన్నం. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ తగ్గకూడదంటారు, మీ డైటీషియన్‌ని అడిగి మీకు సరిపోయే లెక్క వేయించుకోండి. ముందురోజు రాత్రి తిన్నా సరే పొద్దున టిఫిన్ మానొద్దు, ముఖ్యంగా ఆ రోజే మానొద్దు. మొదటి వారం రాత్రి డబ్బా మామూలుగానే తెరుచుకోవచ్చు, కంగారు పడకండి. వాంతి అయిపోతే వెంటనే బ్రష్ చేయకండి, నోట్లో యాసిడ్ ఉంటుంది కాబట్టి పళ్లు అరిగిపోతాయి, నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగండి. బరువు చూసుకునే మెషిన్ కొన్నాళ్లు అటక మీద పెట్టించండి.

రెండో ఆపరేషన్ మాట ఇప్పుడు వద్దు. స్లీవ్‌ని బైపాస్‌గా, అంటే తిన్నది పేగులో కొంత భాగాన్ని దాటేసి వెళ్లేలా మార్చే ఆపరేషన్ ఉంది, కానీ రాత్రి వాంతులు నడుస్తుండగా దాని జోలికి వెళ్తే పోషకాలు ఇంకా తక్కువ అందుతాయి, జబ్బు అలాగే ఉంటుంది. 71 నుంచి 76 అన్నారు, ఏడాది, ఏడాదిన్నర దాటాక కొంత బరువు వెనక్కి రావడం చాలామందిలో ఉన్నదే, దాన్ని ఓటమిగా లెక్కేసుకోకండి. ఎవరైనా ఆ కొత్త బరువు తగ్గే ఇంజెక్షన్లు వేయించుకోమంటే కూడా ఇప్పుడు ఆగండి, వాటితోనే వికారం, వాంతులు వస్తాయి.

సైకియాట్రిస్టుని కలవండి, తినే రుగ్మతలకు సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మాటలతో మార్చే చికిత్స) చేసే సైకాలజిస్టు ఉన్నారేమో వాళ్లనే అడగండి. ఫ్లూఆక్సెటీన్ లాంటి మందులు ఇందులో పనిచేస్తాయి, మోతాదు వాళ్లే చూస్తారు. ఆపరేషన్ అయిందనీ, వాంతి చేసుకుంటున్నాననీ రెండూ చెప్పాలి, ఎందుకంటే డిప్రెషన్‌కి ఇచ్చే బ్యుప్రోపియాన్ అనే మందు ఇలాంటివాళ్లకి ఇవ్వకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. రాత్రి డబ్బా ముందు కూర్చున్నప్పుడు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపించే ఆలోచన వచ్చినా అదే నంబరు, అలాంటప్పుడు ఒంటరిగా మాత్రం ఉండొద్దు. ఆపరేషన్ తర్వాత కొందరికి అలాంటి ఆలోచనలు వస్తాయి కాబట్టే చెప్తున్నాను.

మీ ఆయనకు చెప్పాలి. రేపు ఆసుపత్రికి ఒక్కరే వెళ్లే పరిస్థితిలో మీరు లేరు. ఎలా చెప్పాలో తెలియకపోతే ఇలా అనండి: ‘నేను రోజూ రాత్రి వాంతి చేసుకుంటున్నాను, ఇది జబ్బట, నాకు భయంగా ఉంది, రేపు నాతో రండి.’ అంతే, డబ్బా సంగతి, లక్షల సంగతి ఈ రాత్రికి అక్కర్లేదు. ఆయన కోప్పడినా సరే, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోకండి. అత్తగారికి మీరు సంజాయిషీ చెప్పనక్కర్లేదు. ఇంట్లో మీ తిండి, ఒళ్లు గురించి ఎవరూ మాట్లాడొద్దని డాక్టరు చెప్పారని మీ ఆయన చేతే చెప్పించండి, అలా చెప్పమని డాక్టరుని అడిగితే తప్పకుండా చెబుతారు.

పెళ్లిలో బంతిలో కూర్చోవాల్సి వస్తుంది, ‘ఇంతేనా తినేది’ అని ఒకరు, ‘జాగ్రత్త, మళ్లీ ఊరతావు’ అని ఒకరు విస్తరిలోకి తొంగి చూస్తారు. పక్కన మిమ్మల్ని సతాయించని మనిషిని కూర్చోబెట్టుకోండి, బూరె ఒక ముక్క తినాలనిపిస్తే అందరి ముందే తినండి. జాకెట్టు మీ ఇప్పటి ఒంటి కొలతకే కుట్టించుకోండి.

డాక్టరు ముందు నోరు పెగలదేమో అనిపిస్తే, మీరు నాకు రాసిన ఈ ఉత్తరాన్నే ఫోన్‌లో తెరిచి ఆయన చేతికివ్వండి, అందులో అన్నీ ఉన్నాయి.